హెడ్డింగు పేపర్‌ది... తర్వాతి కథ గల్లీది

స్కైలాబ్ మీర్ ఆలం చెరువులో పడి ఉంటే? కొవిడ్ వచ్చిన సింహాలకు పక్కింటివాళ్లు ఏం సలహా చెప్పేవాళ్లు? పాత పతాక శీర్షికలు పట్టుకుని బహదూర్‌పురా గల్లీల్లో ఓ ఆదివారం షికారు.

మిర్చి బజ్జీ పొట్లం విప్పితే ముందు నూనె కనిపిస్తుంది, ఆ తర్వాత వార్త కనిపిస్తుంది. బహదూర్‌పురా చౌరస్తాలో సాయంత్రం పూట బండి మీద చింపి ఇచ్చే కాగితం ఏ భాషదో ముందే చెప్పలేం. ఒకసారి తెలుగు, ఒకసారి ఉర్దూ, ఒకసారి ఇంగ్లిష్. భాష ఏదైనా హెడ్డింగు మాత్రం సగమే ఉంటుంది. ‘నగరంలోకి ప్రవేశించిన...’ దగ్గర కాగితం చిరిగిపోతుంది. మిగతా సగం పక్కవాడి బజ్జీ కింద ఉంటుంది. ప్రవేశించింది రుతుపవనాలా? చిరుతా? కేంద్ర బలగాలా? బండి చుట్టూ నిలబడ్డ నలుగురూ బజ్జీ చల్లారేలోపు నాలుగు కథలు కట్టేస్తారు.

పాత పేపర్లతో ఆడే ఆటల్లో నాకు ఇంతకంటే ఇష్టమైనది లేదు. ఒక పాత హెడ్డింగు తీసుకోవాలి. అందులో రాసింది రాసినట్టు నమ్మాలి. ఆ వార్త సరిగ్గా మన గల్లీలోకే వచ్చిందనుకుని, మర్నాడు పొద్దున్నుంచి ఏం జరుగుతుందో ఒక్కో అడుగూ ఊహించుకుంటూ పోవాలి. నియమం ఒక్కటే: గల్లీ దాటకూడదు. ఢిల్లీలో మంత్రులు ఏమన్నారు, వాషింగ్టన్‌లో ఏమనుకున్నారు అన్నది మనకు అక్కర్లేదు. పాలాయన ఏమంటాడు, కటింగ్ షాపులో ఏం మాట్లాడుకుంటారు, ట్యూషన్ పిల్లలు వస్తారా రారా, అదీ మనకు కావాల్సింది.

ఈ ఆటకు బహదూర్‌పురాలో దొరికినంత సరుకు హైదరాబాద్‌లో మరోచోట దొరకదు. 380 ఎకరాల నెహ్రూ జూ పార్కు ఇక్కడుంది. దాన్ని ఆనుకుని మీర్ ఆలం చెరువుంది. 21 కమాన్ల ఆ కట్టకు వయసు రెండొందల ఏళ్లు దాటింది. కాస్త అటు వెళ్తే మూసీ, పురానాపూల్, పతంగుల ధూల్‌పేట. ఏ గల్లీలో అడిగినా జెడ్డాలోనో రియాద్‌లోనో పనిచేసి వచ్చినవాళ్లు కనిపిస్తారు. సింహం, వరద, గల్ఫ్... మొదటి పేజీకి ఎక్కాల్సినవన్నీ నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాయి.

పైగా ఒకే వార్త ఈ ఊరికి మొదట్నుంచీ మూడు వేషాల్లో వచ్చింది. సురవరం ప్రతాపరెడ్డి 1926లో ‘గోలకొండ పత్రిక’ మొదలుపెట్టారు. ‘సియాసత్’ 1949 ఆగస్టు 15న పుట్టింది. నిజాం చివరి రోజుల్లో ‘మీజాన్’ అనే ఒకే పేరుతో ఇంగ్లిష్, ఉర్దూ, తెలుగు పత్రికలు వచ్చేవి. తెలుగు మీజాన్‌కు అడివి బాపిరాజు సంపాదకుడు. ఒక సంగతికి మూడు హెడ్డింగులు పడ్డాయంటే, అరుగు మీద కూర్చున్నవాళ్లకు మూడు రకాల ‘తర్వాత’లు దొరికినట్టే.

ఆఠానా ఇస్తే స్కైలాబ్ దగ్గర దింపుతా

ఈ ఆటలో తెలుగువాళ్లందరికీ ఉమ్మడి ఆస్తి స్కైలాబ్. అమెరికా 1973 మే 14న పైకి పంపిన అంతరిక్ష కేంద్రం అది. బరువు సుమారు 77 టన్నులు. మూడు జట్ల వ్యోమగాములు అందులో ఉండి వచ్చారు. 1974 ఫిబ్రవరిలో ఆఖరి జట్టు తలుపేసి దిగిపోయాక అది ఖాళీగా తిరుగుతూ ఉండిపోయింది. సూర్యుడి చురుకుదనం పెరిగి పై వాతావరణం వేడెక్కి ఉబ్బడంతో రాపిడి ఎక్కువై, అనుకున్నదానికంటే ముందే కిందికి జారసాగింది. ఎక్కడ పడుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. ఎవరో ఒక మనిషికి తగిలే అవకాశం 152లో ఒకటి అని నాసా లెక్క కట్టింది.

ఆ లెక్క మన ఊళ్లకు చేరేసరికి ‘ఎవరో ఒకరి మీద పడుతుందట’ అయింది. ఇంకో ఊరు దాటేసరికి ‘మన మీదే పడుతుందట’ అయింది. 1979 జూలైలో తెలంగాణ పల్లెల్లో ఏం జరిగిందో పెద్దవాళ్లను అడిగితే ఇప్పటికీ కథలు కథలుగా చెబుతారు. ఎలాగూ పోయేదే కదా అని మేకల్ని కోసుకున్నారు, కోళ్లను లెక్క చూడకుండా వండుకున్నారు, గొర్రెల్ని వచ్చిన ధరకు అమ్ముకున్నారు. కరీంనగర్ జిల్లా పల్లె నేపథ్యంగా 2021లో ‘స్కైలాబ్’ పేరుతో సినిమా కూడా వచ్చింది. ఆ భయాన్ని అమాయకత్వం అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు, 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. రాత్రికి రాత్రి ఊళ్లకు ఊళ్లు లేకుండా పోవడం మనవాళ్లు పేపర్లో చదివి ఉన్నారు. పైనుంచి ఏదో రాబోతోందని అదే పేపరు చెబితే ఎందుకు నమ్మరు?

ఇప్పుడు ఆట. మన టైము ప్రకారం జూలై 11 రాత్రి పది గంటల ప్రాంతంలో అది నిజంగా భూమి మీదికి వచ్చేసింది. హిందూ మహాసముద్రం దాకా పోకుండా మీర్ ఆలం చెరువులో పడిందనుకుందాం.

మొదట జూలో నెమళ్లు అరుస్తాయి. వాటి వెంట సింహాలు. చెరువు నీళ్లు లేచి కట్టను కొడతాయి. 21 కమాన్లూ కదలవు. కట్టినవాళ్లు అలా కట్టారు. ఫజర్ అజాన్ వేళకు గట్టు మీద నాలుగొందల మంది, వాళ్ల మధ్య ఒక చాయ్ బండి. ఆ బండి ఎప్పుడొచ్చిందో ఎవరికీ తెలియదు. ఎనిమిదింటికి చార్మినార్ దగ్గర రిక్షావాళ్ల కేక: “స్కైలాబ్, స్కైలాబ్... ఆఠానా!” తొమ్మిదింటికి రెండు పోలీస్ స్టేషన్ల నుంచి జీపులు వస్తాయి. పడ్డది చెరువులో ఇవతలి సగంలోనా, అవతలి సగంలోనా అన్న దగ్గర పని ఆగిపోతుంది. మధ్యాహ్నానికి ఒక హెడ్ కానిస్టేబుల్ చింతచెట్టు కింద కూర్చుని పంచనామా రాస్తాడు. ‘ఆకాశం నుండి పడిన లోహపు వస్తువు ఒకటి. కొంత కాలినది. యజమాని: అమెరికా. ఇంటి నంబరు తెలియదు.’

కబాడీ దుకాణాల వాళ్లు అప్పటికే గట్టున చేరి ఉంటారు. ఇనుమైతే ఒక రేటు, అల్యూమినియమైతే ఇంకో రేటు. తూకం సంగతే తేలదు. 77 టన్నులు తూచాలంటే ఎక్కడికి మోసుకెళ్లాలి?

“చిచ్చా, ముక్కలు చేసి తూద్దామా?”

“నక్కో మియా. ముక్కలు చేస్తే సగం రేటు కూడా రాదు. అట్లనే ఉండనీ, చూసినోళ్ల దగ్గర పైసలు తీసుకుందాం.”

గట్టు మీద బర్రెలు మేపుకునే అవ్వ దగ్గరికి తహసీల్దార్ ఆఫీసు గుమస్తా వస్తాడు. నష్టం ఏమైనా జరిగిందా అని అడుగుతాడు. “గిది పడ్డ కాన్నుంచి బర్రె పాలిస్తలేదు సారూ. అమెరికాకు రాస్తే ఇప్పిస్తరా?” అంటుంది. గుమస్తా రాసుకుంటాడు. స్కైలాబ్ వల్ల నష్టపోయిన బర్రెలకు ఒక రిజిస్టరు, దానికి ఒక ఫైలు నంబరు ఏర్పడతాయి. వారం తిరిగేసరికి జూ వాళ్లు దాన్ని తమకే ఇవ్వమంటారు, చుట్టూ కంచె వేసి బోర్డు పెడతామంటారు. ఆదివారం టికెట్ కొనుక్కుని వచ్చిన పిల్లాడు కంచె పట్టుకుని నాన్నను అడుగుతాడు: “అబ్బా, ఇది ఏం తింటది?”

ఆ తర్వాత పది, పదిహేనేళ్ల పాటు పెళ్లి పత్రికల మీద ‘స్కైలాబ్ ఎదురు గల్లీ, రెండో ఇల్లు’ అని పడుతుంది. హైదరాబాద్‌లో ఇంటి నంబరు చూసి ఇల్లు కనుక్కున్నవాళ్లు తక్కువ. గుర్తు చెప్పడానికి అంతకంటే మంచి బండ ఏముంటుంది?

ఇది ఊహ. నిజంగా జరిగింది ఇంతకంటే ఒక మెట్టు పైనే ఉంది. స్కైలాబ్ ముక్కలు పడమటి ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ అనే ఊరి చుట్టుపక్కల పడ్డాయి. ఆ ఊరి స్థానిక సంస్థ రోడ్ల మీద చెత్త వేసినందుకు అమెరికాకు 400 డాలర్ల జరిమానా రాసింది. ముప్ఫై ఏళ్ల పాటు అది బాకీగానే ఉండిపోయింది. 2009లో అమెరికాలో ఒక రేడియో వ్యాఖ్యాత తన శ్రోతల దగ్గర చందాలు వసూలు చేసి కట్టాడు. ఇంకోవైపు, తొలి ముక్కను 72 గంటల్లో తమ ఆఫీసుకు తెచ్చినవాళ్లకు పదివేల డాలర్లు ఇస్తామని ‘శాన్ ఫ్రాన్సిస్కో ఎగ్జామినర్’ పత్రిక ప్రకటించింది. ఎస్పరెన్స్‌కు చెందిన స్టాన్ థార్న్‌టన్ అనే 17 ఏళ్ల కుర్రాడు ఇంటి దగ్గర దొరికిన కాలిన ముక్కలు పట్టుకుని విమానమెక్కి ఆ డబ్బు గెలుచుకున్నాడు. ఫిలిప్పీన్స్‌లో మోటార్‌సైకిల్‌కు అడ్డంగా చెక్క బిగించి మనుషుల్ని ఎక్కించుకునే బండికి, ఈశాన్య థాయిలాండ్‌లో ఒక రకం ఆటోకు ‘స్కైలాబ్’ అన్న పేరే స్థిరపడింది. మన రిక్షా ఆయన ఆఠానా బేరం ఇక గాలిలోంచి పుట్టిందని అనలేం.

ఆ వారం పేపర్లు తిరగేస్తే ఇంకోటి కూడా కనిపిస్తుంది. స్కైలాబ్ పడిన నాలుగు రోజులకు, జూలై 15న మొరార్జీ దేశాయ్ ప్రధాని పదవికి రాజీనామా చేశారు. ఏది పడుతుందోనని జనం ఆకాశం వైపు చూస్తుంటే ఢిల్లీలో సర్కారు పడింది. ఆ రెండు హెడ్డింగులూ కలిసి వచ్చిన కాగితంలో బజ్జీ తిన్నవాళ్లు ఎంత అదృష్టవంతులో!

తోకచుక్కకు గురజాడ అప్పగించిన పని

భయపెట్టే వార్తను పట్టుకుని దాని తర్వాతి కథను మార్చేయడం మనకు కొత్త కాదు. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు దాని తోకలో సైనోజన్ అనే విషవాయువు ఉందని శాస్త్రవేత్తలు కనిపెట్టారు. మే నెలలో భూమి ఆ తోకలోంచి వెళ్తుందని పేపర్లు రాశాయి. అమెరికాలో, ఐరోపాలో కొందరు తాళం చెవుల కన్నాలు కూడా కాగితంతో మూసుకున్నారు. తోకచుక్క మాత్రలని పేరుపెట్టి అమ్మినవాళ్లకు మంచి గిరాకీ దొరికింది. మన దగ్గర తోకచుక్కంటే రాజుకు కీడు, దేశానికి కరువు అన్న నమ్మకం ముందే ఉంది.

సరిగ్గా అదే ఏడాది గురజాడ అప్పారావు ‘ముత్యాల సరములు’ రాశారు. అందులో తోకచుక్కను ఆయన చూసిన తీరు వేరు. అది కీడు మోసుకొచ్చే దూత కాదు, రాబోయే సంఘసంస్కరణకు ముందు నడిచే జెండా. వార్త అదే, ఆకాశం అదే, చుక్క అదే. దాని తర్వాత ఏం జరగాలన్నది మాత్రం ఆయన తనకు నచ్చినట్టు రాసుకున్నారు. పతాక శీర్షికకు ఇంత గొప్ప కొనసాగింపు తెలుగులో మరొకటి నాకు కనిపించలేదు.

1962 ఫిబ్రవరిలో ఎనిమిది గ్రహాలు మకర రాశిలో కూడాయన్న వార్తకు అలాంటి కవి దొరకలేదు. దేశమంతా యజ్ఞాలు మాత్రం జోరుగా సాగాయి. అష్టగ్రహ కూటమి గడిచిపోయింది, అదే నెలలో జనం వెళ్లి సాధారణ ఎన్నికల్లో ఓట్లు వేసి వచ్చారు.

గోడ అవతల సింహం

బహదూర్‌పురాకు అసలు పండగ జూ వార్తలు. మిగతా హైదరాబాద్‌కు జూ అంటే ఆదివారం టిఫిన్ డబ్బా కట్టుకుని వెళ్లే చోటు. ఇక్కడివాళ్లకు పక్కిల్లు. పక్కింటి సంగతులు పేపర్లో వస్తే మనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తాయి?

జూ 1963 అక్టోబర్ 6న తెరుచుకుంది. అంతకుముందు జంతువులు నాంపల్లి దగ్గర బాగ్-ఎ-ఆమ్‌లో, అంటే పబ్లిక్ గార్డెన్స్‌లో ఉండేవి. ఆ సామాను సర్దుడు ఊహించుకోండి. పబ్లిక్ గార్డెన్స్ నుంచి బహదూర్‌పురాకు ఇల్లు మారుతున్న కుటుంబం అది. వెంట లారీ, లారీ మీద బోను, బోనులోంచి చుట్టూ చూస్తున్న పులి. కొత్త ఇంటి ముందు నిలబడ్డ గల్లీవాళ్లు ఎప్పటిలాగే సామాను లెక్కపెడతారు. “ఎంతమంది ఉంటారు? పిల్లలున్నారా? మాంసం తింటారా?” ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు అడిగే ప్రశ్నలే.

అలా ఇల్లు మారినవాళ్లలో చాణక్య ఉన్నాడు. గాలపాగోస్ జాతి రాక్షసి తాబేలు. 2024 మార్చిలో చనిపోయినప్పుడు వయసు 125 ఏళ్లని జూ అధికారులు చెప్పారు. ఆ లెక్కన హేలీ తోకచుక్క వచ్చేనాటికి పదేళ్లు దాటినవాడు. స్కైలాబ్ పడేనాటికి ఎనభై. 1986లో ఆ తోకచుక్క మళ్లీ వచ్చిందని పేపర్లు హడావుడి చేస్తే, అది రెండోసారి రావడం చూసిన పెద్దమనిషి మన బస్తీలో ఈయన ఒక్కడే అయి ఉంటాడు. జూ కీపరు పొద్దున పేపరు చదివి వినిపిస్తున్నాడని ఊహించండి. ‘ప్రపంచం అంతం కాబోతోంది’ అని చదవగానే చాణక్య మెడ బయటికి చాస్తాడు, ఆకుకూర వైపు ఒక అడుగు వేస్తాడు. రెండో అడుగు వేసేలోపు ప్రపంచం అంతం కాలేదని మర్నాటి పేపరు వచ్చేస్తుంది.

1974లో ఇక్కడ లయన్ సఫారీ పెట్టారు. బోనుల్లో ఉండే సింహాలు ఇక స్వేచ్ఛగా తిరుగుతాయి, చూసేవాళ్లే జాలీ బండిలో కూర్చోవాలి. ‘స్వేచ్ఛగా’ అన్న మాట దగ్గర కాగితం చిరిగిందనుకోండి. మర్నాడు బహదూర్‌పురాలో బడికి ఎంతమంది పోతారు? సింహం తిరుగుతోంటే హోంవర్క్ ఎవరు చూస్తారన్న తర్కం పిల్లలు ఎంత శ్రద్ధగా పట్టుకుంటారో నాకు తెలుసు.

2013లో సౌదీ యువరాజు బహుమతిగా పంపిన చీతాల జంట వచ్చింది. మగది అబ్దుల్లా, ఆడది హిబా. ఈ వార్తకు బహదూర్‌పురా కట్టగలిగిన కథ మరో ఊరికి సాధ్యం కాదు. ఇక్కణ్నుంచి సౌదీ వెళ్లినవాళ్లు ఎంతోమంది. సౌదీ నుంచి ఇక్కడికి పనికి వచ్చినవాళ్లు ఆ ఇద్దరే. గేటు దగ్గర పలకరింపు ఎలా ఉంటుంది? “సలాం భాయ్. ఇఖామా ఎన్నేళ్లకు కొట్టారు? కఫీల్ మంచోడేనా? పాస్‌పోర్ట్ నీ దగ్గరే ఉందా, లోపల పెట్టుకున్నారా?” ఇవి అడుగుతున్నవాళ్లు తాము జెడ్డాలో తిన్న దెబ్బలన్నీ గుర్తుపెట్టుకుని మరీ అడుగుతారు. వెనక నుంచి ఒక ఖాలా: “అవన్నీ తర్వాత గానీ బేటా, ఖజూరం తెచ్చావా? జంజం నీళ్ల డబ్బా మా పేరున ఎవరైనా ఇచ్చారా?” రెండేళ్లకోసారి రావాల్సిన చుట్టీ మూడేళ్లయినా రాకపోతే చీతాల తరఫున అర్జీ రాసిపెట్టే మనిషి కూడా ఈ గల్లీలోనే దొరుకుతాడు.

హిబా 2020లో పోయింది. అబ్దుల్లా 2023 మార్చిలో గుండె ఆగి పోయాడు. గల్ఫ్ నుంచి పెట్టె ఎప్పుడొస్తుందా అని వారాల తరబడి ఎదురుచూసిన ఇళ్లు తెలంగాణలో ఎన్నో ఉన్నాయి. పరాయి దేశంలో ప్రాణం పోయిందన్న వార్తకు ఆ ఇళ్లవాళ్లు నవ్వే కథ కట్టరు. నేనూ కట్టను.

2020 మే 14 సంగతి వేరు. లాక్‌డౌన్‌లో నిర్మానుష్యమైన మైలార్‌దేవ్‌పల్లి-కాటేదాన్ రోడ్డు మీద ఒక చిరుత వచ్చి పడుకుంది. బహదూర్‌పురాకు ఎంతో దూరం కాదు. మనుషులెవరూ గడప దాటకూడదన్న రోజుల్లో నడిరోడ్డు మీద దర్జాగా పడుకున్న ప్రాణి అదొక్కటే. బారికేడ్ దగ్గర కానిస్టేబుల్‌కు లాఠీ ఎత్తాలా, సెల్యూట్ కొట్టాలా తోచని ఘడియ అది.

“పాస్ ఉందా?”

చిరుత చూస్తుంది.

“ఎమర్జెన్సీనా? మందులకా, కూరగాయలకా?”

చిరుత ఇంకా చూస్తుంది.

“సరే, అత్యవసర సర్వీస్ కింద రాసుకుంటున్నా. మాస్క్ పెట్టుకుని పో అన్నా.”

అది జనానికి దొరక్కుండా పొదల్లోకి తప్పించుకుంది. అక్టోబర్‌లో రాజేంద్రనగర్ దగ్గర బోనులో చిక్కింది. తీసుకొచ్చింది మళ్లీ మన జూకే.

ఏడాది తిరిగేసరికి 2021 మే 4న ఇంకో వార్త. నెహ్రూ జూలో ఎనిమిది ఆసియా సింహాలకు కొవిడ్. సీసీఎంబీ ల్యాబ్‌లో నమూనాలు పరీక్షించి నిర్ధారించారు. దేశంలో జంతువులకు కొవిడ్ సోకినట్టు తేలింది అప్పుడే మొదటిసారి. అంతకు రెండు రోజుల ముందే జూకు తాళం వేశారు. ఆ మే నెలను మర్చిపోయినవాళ్లు ఉండరు. ఆక్సిజన్ సిలిండర్ కోసం ఫోన్లు, బెడ్ల కోసం పరుగులు, తెల్లారితే ఎవరి వార్త వినాలో అన్న భయం. అలాంటి పొద్దున సింహానికి జలుబు చేసిందన్న మాట వినపడితే ముఖం మీదికి చిన్న నవ్వు వచ్చింది. ఆ నవ్వుకు నేను ఈనాటికీ రుణపడి ఉన్నాను.

గోడ ఇవతలి నుంచి సలహాలు మొదలవుతాయి. “ఆవిరి పట్టించండి.” “కషాయంలో మిరియాలు ఎక్కువేయండి, మా మామకు తగ్గింది.” “బోర్లా పడుకోమనండి, ఆక్సిజన్ ఎక్కుద్ది.” టీకా స్లాటు బుక్ చేద్దామంటే యాప్ ఆధార్ అడుగుతుంది. పేరు దగ్గర సింహం అని కొడితే ఇంటిపేరు కావాలంటుంది. ఎనిమిదింటికీ పద్నాలుగు రోజుల క్వారంటైన్. ఒకదాని గర్జనకు ఇంకోటి ఆరడుగుల దూరంలో ఉండాలి. వేళకు భోజనం గుమ్మం దగ్గర పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయడం మాత్రం జూ సిబ్బందికి కొత్తగా నేర్పాల్సిన పని లేదు. కొవిడ్ రాకముందు నుంచీ సింహాలకు అలాగే పెడుతున్నారు.

సింహాలన్నీ కోలుకున్నాయి. వాటికంటే ముందే కోలుకున్న పక్కింటాయన కూడా ఆ కబురు విని ‘అమ్మయ్య’ అనుకున్నాడని నా నమ్మకం.

పుకారుకూ దీనికీ తేడా

ఇంత ఇష్టంగా చెబుతున్న ఈ ఆటకు దాయాది ఒకటుంది. హెడ్డింగు సగంలో ఆగితే మిగతాది నింపడం పుకారు కూడా చేస్తుంది. పాతబస్తీకి అదేమిటో బాగా తెలుసు. 1978, 1984, 1990లో కర్ఫ్యూలు చూసిన ఇళ్లివి. ఏదో అయిందట అన్న మాట గల్లీ మొదట్లో వినపడగానే షట్టర్లు దిగేవి, పాలపొడి డబ్బాలు, ఉల్లిగడ్డలు ఇళ్లలోకి చేరేవి, పిల్లల్ని బడి నుంచి తెచ్చుకోవడానికి తల్లులు చున్నీ సర్దుకుంటూ పరుగెత్తేవాళ్లు. నిజమా అని కనుక్కునే తీరిక ఎవరికీ ఉండేది కాదు, ఉండాలని అడగడం కూడా న్యాయం కాదు.

2018 మేలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న మాట ఫోన్ల మీద తెలంగాణ అంతా పాకింది. బహదూర్‌పురాకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని చాంద్రాయణగుట్టలో జనం చుట్టుముట్టి ఒక ట్రాన్స్‌జెండర్ ప్రాణం తీశారు. ఆమె బతుకుతెరువు కోసం ఊరు దాటి వచ్చిన మనిషి. ఎవరినీ ఎత్తుకెళ్లలేదు.

పుకారు ఎప్పుడూ బయటివాడి గురించే ఉంటుంది. ఎవరో వచ్చారట, ఎవరో తీసుకుపోతారట, ఎవరో విషం కలిపారట. అందులో మన పాలాయన ఉండడు, మన కబాడీ చిచ్చా ఉండడు, బర్రెకు నష్టపరిహారం అడిగే అవ్వ ఉండదు. అందుకే గల్లీ దాటకూడదన్న నియమాన్ని నేను గట్టిగా పట్టుకుంటాను. తెలిసినవాళ్లతో నిండిన ఊహలో ఎవరినీ రాయి పట్టుకుని తరమలేం. ఊహ అని పైకి ఒప్పుకుని చెప్పుకునే కథ నలుగురినీ దగ్గర కూర్చోబెడుతుంది. ఊహ అన్న సంగతి దాచిపెట్టుకుని తిరిగేదే ప్రాణాలు తీస్తుంది.

అన్ని పుకార్లూ విషమూ కావు. 1965లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దేశ రక్షణకు 5 టన్నుల బంగారం విరాళమిచ్చారని హైదరాబాద్‌లో పిల్లలకు కూడా తెలుసు. కాగితాల్లో ఉన్నది 425 కిలోలు. అదీ విరాళం కాదు, నేషనల్ డిఫెన్స్ గోల్డ్ స్కీమ్‌లో 6.5 శాతం వడ్డీకి పెట్టిన పెట్టుబడి. నోటి మీద పడ్డాక బంగారం దాదాపు పన్నెండు రెట్లయింది. ఆ కథకు జనం అతికించిన ముక్క నాకు బంగారం కంటే నచ్చుతుంది: బంగారం పెట్టి పంపిన ఇనప పెట్టెలు మాత్రం తిరిగి పంపమన్నారట! టిఫిన్ డబ్బాలో కూర పంపి డబ్బా ఎప్పుడొస్తుందని అడిగే ఊరివాళ్లే ఆ ముక్క అతికించగలరు. పెట్టెల్ని తిరిగి తెచ్చే గుమస్తాను తలచుకోండి. ఢిల్లీలో రైలెక్కి, నాంపల్లిలో దిగి, “ఒక పెట్టె మూత సొట్ట పడింది హుజూర్” అని ఎలా చెప్పాలో దారంతా సాధన చేసుకుంటూ వచ్చి ఉంటాడు.

ఈ వారం సరుకు

ఆటకు పాత కాగితాలే కావాలని లేదు. నేటి పేపరు రేపటి బజ్జీ పొట్లమే. మీర్ ఆలం చెరువు మీద కేబుల్ వంతెన వార్త కొన్నేళ్లుగా పేపర్లలో వచ్చిపోతోంది. ఒక ఒడ్డున ఊరు, ఇంకో ఒడ్డున జూ, మధ్యలో నీళ్ల మీద తీగల మీద వేలాడే రోడ్డు.

వంతెన తెరిచిన మొదటి ఆదివారం. బస్సు ఎక్కినవాళ్లందరికీ జూ వైపు సీటే కావాలి. కండక్టర్ మూడు ట్రిప్పులు వాదించి, నాలుగో ట్రిప్పు నుంచి “పోయేటప్పుడు వీళ్లు, వచ్చేటప్పుడు వాళ్లు” అని తీర్పు చెబుతాడు. బండ్లు నడిపేవాళ్లు రోడ్డు చూడటం మానేసి పక్కకు చూస్తారు. ట్రాఫిక్ పోలీసులు బోర్డు పెడతారు: ‘సింహాలను చూస్తూ వాహనం నడపరాదు’. చలానా పడ్డవాడు ఒప్పుకోడు. “నేను సింహాన్ని చూడలేదు సార్, ఏనుగును చూసిన. బోర్డు మీద ఏనుగు లేదు.” మర్నాడు బోర్డు మీదికి ఏనుగు ఎక్కుతుంది, ఆ మర్నాడు ఖడ్గమృగం, నెలాఖరుకు బోర్డు వంతెన కంటే పొడుగవుతుంది. పెళ్లి ఫొటోల జంటలు సాయంత్రం వెలుతురు కోసం ఐదింటికే దిగుతాయి. వాళ్ల వెనక పల్లీలవాడు, వాడి వెనక బుడగలవాడు, వాడి వెనక నేను.

అటు వైపు జంతువులు కూడా ఒడ్డుకు చేరతాయి. ఇన్నేళ్లు అద్దాల వెనక, కందకాల వెనక నిలబడి మనుషులు చూస్తుంటే చూపించుకున్నవాటికి ఇప్పుడు ఎదురుగా కొత్త ఆట మొదలైంది. హారన్లు కొట్టుకునేవాళ్లు, సెల్ఫీలు దిగేవాళ్లు, రాంగ్ రూట్లో వచ్చి ఎదుటివాడిని తిట్టేవాళ్లు. కోతులు మొదటి రోజే కట్ట మీద మంచి చోటు పట్టేస్తాయి. ఖడ్గమృగం ఆలస్యంగా వచ్చి వెనక నిలబడాల్సి వస్తుంది. ఆదివారం సాయంత్రం జామ్ ఎక్కువ కాబట్టి, ఆ ఒక్కరోజు పిల్ల జంతువులకు ముందు వరుస ఇవ్వాలని ఏనుగు అంటుంది. ఫ్లెమింగోలు ఒప్పుకోవు.